పల్లెకు పావుగంట

మా వేములదిన్నెలో బస్సు దిగే చోట రెండేళ్ళ క్రితం ఒక పచ్చ బోర్డు పాతారు. దాని మీద ఇలా ఉండేది: “ఈ గ్రామమందలి అసమానత విశ్వవిద్యాలయ పరిశోధనలో ఉన్నది. ఎవరూ కదిలించరాదు.” కింద రిజిస్ట్రారు గారి హోదా, ఫోను నంబరు.

అంతకుముందు మా ఊళ్ళో అసమానతకు బోర్డు లేదు. బోర్డు లేకుండానే బాగా నడిచేది.

నేను పంచాయతీ నీళ్ళ మనిషిని. పేరు మాలకొండయ్య. ట్యాంకు కింద రెండు వాల్వులు ఉండేవి. ఒకటి ఊరికి, ఒకటి పల్లెకు. మా వైపు పల్లె అంటే వాగు అవతల విడిగా ఉండే ఎస్సీల ఇళ్ళు. పొద్దున ఆరింటికి ఊరి వాల్వు తిప్పితే గంటసేపు. అది కట్టేసి పల్లె వాల్వు తిప్పితే పావుగంట. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలియదు. నాకు ముందు మా మేనమామ తిప్పేవాడు. మంచాన పడ్డాక నన్ను పిలిచి, తాళంచెవి చేతిలో పెట్టి, “గంట, పావుగంట” అని మాత్రం చెప్పాడు. పల్లెలో పెళ్ళయినా చావయినా నేను ఓ పది నిమిషాలు మరిచిపోయినట్టు కూర్చునేవాణ్ణి. మరిచిపోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

అలా ఉండగా విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య త్రివిక్రమరావుగారు జీపులో దిగారు. వెంట ఆరుగురు పరిశోధక విద్యార్థులు. రాజకీయాలూ అసమానతలూ అనే విషయం మీద ఆ ఆరుగురికీ దారి చూపే పని ఆయనకు అప్పగించారట. దాన్ని మెంటారింగ్ అంటారని జీపు డ్రైవరు చెప్పాడు.

సర్పంచి పేరిరెడ్డి బెదిరిపోయాడు. ఎవరో అర్జీ పెడితే విచారణకు వచ్చారనుకుని సోడాలు తెప్పించాడు.

“మా ఊళ్ళో తేడాపాడాలేం లేవండి. అందరం అన్నదమ్ముల్లెక్క ఉంటాం,” అన్నాడు.

ఆచార్యులవారు సోడా కింద పెట్టేశారు. “తేడాలు లేవా? అయితే మేము వేరే గ్రామం చూసుకోవలసి ఉంటుంది. మూడేళ్ళ పథకం. గ్రామం పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది.”

పేరిరెడ్డి సోడా తీసి మళ్ళీ ఆయన చేతిలో పెట్టాడు. “ఉంటయ్యండి,” అన్నాడు. “మన నోటితో చెప్పుకోకూడదని గానీ, లేకేం. రండి చూపిస్తా.”

ఆ పూటంతా ఊరు తిప్పి చూపించాడు. వేరే శ్మశానం చూపించాడు, వేరే బావి చూపించాడు. చివర నా దగ్గరికి తీసుకొచ్చాడు, బేరానికి వచ్చినవాళ్ళకు ఇంటిదూడను చూపించినట్టు.

“పల్లెకు ఎన్ని నిమిషాలు?” అని ఆచార్యులవారు అడిగారు.

“పావుగంటండి.”

“ఖచ్చితంగానా?”

“ఒక్కోనాడు ఇరవై అవుద్దండి. మొన్న సంతోషమ్మ మనవరాలి పెళ్ళికి అరగంటయ్యింది.”

ఆయన పిల్లల వైపు తిరిగి, “చూశారా, క్షేత్రం కొంత కలుషితమై ఉంది,” అన్నారు. పిల్లలు రాసుకున్నారు.

నెల తిరిగేసరికి ఏడు పేజీల ఒప్పందం వచ్చింది. పరిశోధన జరిగే మూడేళ్ళూ గ్రామంలోని అసమానతను ఉన్నది ఉన్నట్టుగా కాపాడే బాధ్యత పంచాయతీది. రెండు నీటి లైన్లు ఉన్నంతకాలం వాటిని ఏ వేళ ఎంతసేపు తిప్పాలో నిర్ణయించే అధికారం విశ్వవిద్యాలయానిది. పేరిరెడ్డి తన ఫొటో ఎక్కడ వస్తుందని అడిగి, సంతకం పెట్టాడు.

ప్రతి నెలా మొదటి శనివారం మెంటారింగ్ జరిగేది. పంచాయతీ వరండాలో ఫ్యాను కింద ఆచార్యులవారు కుర్చీలో కూర్చునేవారు. పిల్లలు చుట్టూ నిలబడేవారు. నేను గడప దగ్గర ఉండేవాణ్ణి.

“గుండెతో చూడకండి, గణాంకంతో చూడండి,” అనేవారు ఆయన. “అసమానత ప్రభుత్వ అతిథిగృహం లాంటిది. మనం దిగినప్పుడు ఎలా ఉందో ఖాళీ చేసేటప్పుడు అలాగే అప్పగించాలి.”

ఆ ఆరుగురిలో దీవెన అని ఒక పిల్ల ఉంది. కనిగిరి వైపు పల్లె నుంచి వచ్చింది. ఇంట్లో పెద్ద చదువు చదివింది తనే మొదలట. “సార్, పరిశోధన అయ్యేలోగా అసమానత దానంతటదే తగ్గితే?” అని ఒక శనివారం అడిగింది.

“తగ్గదు. మన దగ్గర ఒప్పందం ఉంది,” అన్నారు ఆచార్యులవారు. ఆయన కోపిష్టి కాదు. చాలా ఓపికగా చెప్పేవారు.

నాకు ఒక స్టాప్‌వాచీ ఇచ్చారు. రోజూ ఎన్ని నిమిషాలు ఎన్ని సెకన్లు తిప్పానో పుస్తకంలో రాసి వేలిముద్ర వెయ్యాలి. నాకు సంతకం వచ్చునని చెప్పాను. సంతకం మారుతుంది, వేలిముద్ర మారదు అన్నారు. పదిహేను నిమిషాల మీద ఒక్క నిమిషం దాటినా సంజాయిషీ రాయాలి. ఊళ్ళో ఎవరో ఒకామె పల్లె ముసలిదానికి తన కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టనిస్తే, ఆమె ఇంటికి ‘ప్రైవేటు పంపకము తగదు’ అని నోటీసు వెళ్ళింది. పల్లెలో ఇంటికో నంబరు ఇచ్చారు. సంతోషమ్మది పదిహేడు. ఆమె అరవై ఏళ్ళ మనిషి, పల్లెలో మాటకు ముందుండేది.

ఆ వేసవిలో సంతోషమ్మ మరిది పోయాడు. ఆమె ట్యాంకు దగ్గరికి వచ్చింది.

“అబ్బయ్యా, శవాన్ని కడగాల. వచ్చినోళ్ళకి చేతులు కడుక్కోను నీళ్ళు లేవు. ఒక్క పది నిమిషాలు.”

“వాచీ ఉందత్తా,” అన్నాను.

“వాచీ చచ్చిపోకూడదా, మా మరిది బదులు,” అంది ఆమె. పల్లె బావి అప్పటికే ఎండిపోయింది. ఊరి బావికి పోయి, ఎవరో చేది పోసే దాకా నిలబడి, తెచ్చుకుంది.

దీవెన అర్జీ రాసిపెట్టింది. విశ్వవిద్యాలయంలో పరిశోధనల నైతిక విలువల సంఘం అని ఒకటి ఉంటుంది. వాళ్ళు కూర్చుని, చర్చించి, నలభయ్యో రోజున జవాబు పంపారు. అందులో ఇలా ఉంది: “నమూనా సంఖ్య పదిహేడు వారి శోకమును సంఘము సానుభూతితో పరిశీలించినది. శోకనిమిత్తము ఐదు నిమిషముల అదనపు నీరు మంజూరు చేయడమైనది. అయితే ఒకటికి నాలుగు అను మూల నిష్పత్తి భంగము కాకుండుటకై ఊరి లైనుకు ఇరవై నిమిషములు అదనముగా విడువవలెను.”

సరే అని విడిచాను. పల్లెలో అప్పటికి ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు, ఐదు నిమిషాలు పట్టుకున్నారు. ఊళ్ళో బిందెలన్నీ నిండిపోయాక ఇరవై నిమిషాల నీళ్ళు వీధుల్లో పారాయి. గేదెలు పడుకున్నాయి. ఇద్దరు విద్యార్థులు ప్యాంట్లు మడుచుకుని ఆ బురదలో నిలబడి నిష్పత్తి సరిపోయిందని రాసుకున్నారు.

అలా ఏడాదిన్నర నడిచాక, ఫిబ్రవరిలో పల్లెకు పాత సన్న గొట్టం బదులు కొత్త లైను మంజూరైంది. నీటి సరఫరా ఇంజనీరు ట్రాక్టర్ల మీద నీలం గొట్టాలు తెచ్చి ట్యాంకు పక్కన దించాడు. పల్లెలో పిల్లలు ఆ గొట్టాల్లో ఒక వైపు నుంచి కూతపెట్టి రెండో వైపు చెవి పెట్టేవారు. మార్చి ముప్పై ఒకటిలోగా లైను వెయ్యాలి, లేకపోతే మంజూరు మురిగిపోతుంది, గొట్టాలు వేరే ఊరికి పోతాయి అని ఇంజనీరు చెప్పాడు. చెప్పి, బోర్డు చూశాడు. రిజిస్ట్రారు గారి హోదా ఉన్న బోర్డు.

“విశ్వవిద్యాలయం నుంచి అభ్యంతరం లేదని కాగితం తెప్పించండి. అది లేనిదే పార వెయ్యను,” అన్నాడు.

విశ్వవిద్యాలయం నుంచి కాగితం వచ్చింది. అభ్యంతరం ఉందని. “పల్లె లైను పనిని పరిశోధన ముగియువరకు వాయిదా వేయవలెను. ఈ దశలో నీరు సమృద్ధిగా లభించినచో ఆరు సిద్ధాంత గ్రంథములకు తీరని నష్టము వాటిల్లును.”

మార్చి మొదటి శనివారం దీవెన వరండాలో అడిగేసింది. “సార్, గొట్టాలు వెయ్యనిద్దాం. వాళ్ళకి నీళ్ళొస్తే ఏం పోతుంది?”

“నీ మూడో అధ్యాయం పోతుంది,” అన్నారు ఆచార్యులవారు. “చూడమ్మా, నీ మేలు కోరి చెబుతున్నాను. శీతాకాలం దాహం సేకరించావు. వర్షాకాలం దాహం సేకరించావు. ఒక వేసవి దాహం సేకరించావు. దానితో పోల్చడానికి రెండో వేసవి దాహం ఇంకా రావాలి. అది లేకుండా నేను సంతకం ఎలా పెడతాను? ఏ వేదిక మీద సమర్థించుకుంటాను? ఒక్క వేసవి ఆగు. డాక్టరేటు వచ్చాక వాళ్ళ కోసం నువ్వు ఎంతయినా పోరాడవచ్చు.”

“ఈ నెలాఖరుకు గొట్టాలు పోతాయి సార్.”

“అది కూడా అసమానతే. నాలుగో అధ్యాయంలో పెట్టు.”

ఆ సాయంత్రం దీవెన ట్యాంకు మెట్ల మీద కూర్చుంది. గొట్టాల వైపు చూస్తోంది.

“మా ఊళ్ళో పది నిమిషాలే బాబాయ్. మా అమ్మ ఆ పది నిమిషాల కోసం నన్ను బడి మానిపించేది. ఇప్పుడు నేనొచ్చి పావుగంట దాటకుండా కాపలా కాస్తున్నా.”

నేను వాల్వుకు గ్రీజు రాస్తున్నాను. “ఊరికి పావుగంట ఇచ్చి చూడమ్మా,” అన్నాను.

“ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళో అక్కర్లేదు.”

ఆమె నా వైపు చూసి, సంచీలోంచి పుస్తకం తీసింది. ఆ రాసింది తర్వాత నేను చూశాను. ‘విలోమ తులనాత్మక పరీక్ష’ అని పేరు పెట్టింది. పోల్చి చూడనిదే శాస్త్రం కాదని ఆచార్యులవారే నేర్పారనీ, కాబట్టి కొంతకాలం ఊరి వేళను పల్లెకూ పల్లె వేళను ఊరికీ మార్చి, ఒకటికి నాలుగు నిష్పత్తి చెక్కుచెదరకుండా పరిశీలించాలనీ రాసింది. శోకానికి నలభై రోజులు తీసుకున్న సంఘం దీనికి రెండు రోజుల్లో అనుమతి ఇచ్చింది. పేరు ఎవరికీ అర్థం కాలేదనీ, అర్థం కాలేదని ముందు చెప్పేదెవరని అందరూ ఆగారనీ అక్కడి గుమాస్తా దీవెనతో అన్నాడట. ఆచార్యులవారు ఎంతో సంతోషించి, ఆ కాగితం మీద తన పేరు పైన, ఆ పిల్ల పేరు కింద వేయించారు. పంచాయతీని అడిగే పని లేదు. వేళలు నిర్ణయించే అధికారం విశ్వవిద్యాలయానిది.

మార్చి పదిహేనున మొదలుపెట్టాను. ఊరికి పావుగంట, పల్లెకు గంట.

మొదటి రోజు ఊళ్ళో మోటారు చెడిందనుకున్నారు. రెండో రోజు నన్ను తిట్టారు. మూడో రోజు పేరిరెడ్డి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఆచార్యులవారు పిల్లలతో అక్కడే ఉన్నారు.

“ఏం మాలకొండయ్యా, ఊరికి ఎంతసేపు ఇస్తన్నావు?”

“పావుగంటండి.”

“నువ్వు మనిషివేనా? పావుగంటలో ఏం పట్టుకుంటారు, ఏం తాగుతారు? గేదెలున్నయ్, చంటిపిల్లలున్నారు.”

“పల్లెలో కూడా ఉన్నారండి.”

“అది వేరు. ఆళ్ళకి అలవాటు.”

“అలవాటు. రాసుకోండి,” అన్నారు ఆచార్యులవారు. ఆరుగురూ రాసుకున్నారు.

“అయ్యా, మీ చదువు మీరు చదువుకోండి,” అని పేరిరెడ్డి ఆయన వైపు తిరిగాడు. “మాకు ఓ పది నిమిషాలు ఎక్కువియ్యండి చాలు.”

“తప్పకుండా. అర్జీ పెట్టండి. నైతిక విలువల సంఘం పరిశీలిస్తుంది.”

“ఎన్నాళ్ళు పడద్ది?”

“పోయినసారి నలభై రోజులు పట్టిందండి,” అన్నాను నేను. “ఊరికి పది పెంచితే పల్లెకు నలభై పెంచాల. ట్యాంకులో అన్ని నీళ్ళు లేవు.”

పల్లెలో మొదటి రెండు రోజులు బిందెలూ బకెట్లూ నింపారు. దుప్పట్లు ఉతికారు. మేకలకు స్నానం చేయించారు. మూడో రోజుకు నింపడానికి ఏమీ మిగల్లేదు, వాల్వు మాత్రం గంట తెరిచి ఉండాలి. అయిదో రోజు ఊరి ఆడవాళ్ళు బిందెలతో వాగు దాటి వచ్చారు. ముందు దూరంగా నిలబడ్డారు.

“రాండి, రాండి,” అంది సంతోషమ్మ. “మీకు పోస్తే ఆళ్ళ శాంపులు చెడిపోద్దంట. నోటీసు నాకే వస్తదిలే, పట్టుకోండి.”

సర్పంచి భార్య ఆ వరసలో తొమ్మిదో మనిషి. ఆమెకు ముందు ఎనిమిది మంది ఉన్నారని ఒక విద్యార్థి రాసుకున్నాడు. ఆమె ఇంటికి వెళ్ళి ఏం చెప్పిందో ఎవరూ రాసుకోలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం పేరిరెడ్డి నన్ను పంచాయతీ ఆఫీసుకు పిలిపించాడు. బల్ల మీద ఒప్పందం ఉంది. కళ్ళజోడు పెట్టుకుని ఏడు పేజీలూ చదువుతున్నాడు. ఆ కాగితాన్ని ఆయన చదవడం అదే మొదటిసారి.

“రద్దు చేద్దామంటే మూడేళ్ళ దాకా కుదరదని రాశారు,” అన్నాడు. వేలు పెట్టి ఒక వరస మళ్ళీ చదివాడు. “‘రెండు లైన్లు ఉన్నంతకాలం.’ మాలకొండయ్యా, ఒకటే లైనుంటేనో?”

“ఒప్పందం ఉంటదండి. లైన్లే ఉండవు.”

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ గొట్టాలు ఉన్నయ్యా, పోయినయ్యా?”

“ఉన్నయ్యండి.”

తొమ్మిదో రోజు పొద్దున్నే ఊరి వాళ్ళు పారలు పట్టుకుని ట్యాంకు వైపు నుంచి, పల్లె వాళ్ళు వాగు వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టారు. ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు.

“పల్లె లైనుకు అభ్యంతరం ఉందని కాగితం ఉందండీ నా దగ్గర.”

“ఇది పల్లె లైను అని ఎవరన్నారు? ఊరి లైను బాగుచేసుకుంటన్నాం,” అన్నాడు పేరిరెడ్డి. “దానికి అటు పక్క ఆళ్ళ కుళాయిలు తగులుకుంటన్నయ్, అంతే.”

ఇంజనీరు ఫైలు తీసి పని పేరు మార్చుకుని నిమ్మళించాడు. వాగు దగ్గర పెద్ద రాయి ఉంది, అక్కడ పెద్ద గొట్టం దిగదు అని నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. తవ్విన మూడు రోజుల్లో ఎక్కడా రాయి తగల్లేదు. ఇరవయ్యారో తారీఖున పాత వాల్వులు రెండూ పీకేసి ఒకటి బిగించారు. అందరికీ ఒకేసారి, నలభై నిమిషాలు.

ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయం నుంచి పరిశీలక సంఘం వచ్చింది, ముగ్గురు పెద్దలు. క్షేత్రంలో అసమానతను కళ్ళారా చూసి ఆరు గ్రంథాలకూ యోగ్యతాపత్రం ఇవ్వాలి. వాళ్ళు సర్పంచి ఇంట్లో మజ్జిగ తాగుతుండగా ఆచార్యులవారు ఒక్కరే ట్యాంకు దగ్గరికి వచ్చారు.

“మాలకొండయ్యా, ఈ ఒక్క పూట పల్లెకు కట్టెయ్యి. పదిహేను నిమిషాలకే. వాళ్ళు చూసి వెళ్ళిపోతారు.”

“వాల్వు ఒక్కటేనండి. కట్టేస్తే అందరికీ కట్టేసినట్టే.”

ఆయన రెండో వాల్వు కోసం ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చారు. తర్వాత దీవెనను పిలిచారు.

“నీ గ్రంథం మీద నేను సంతకం పెట్టలేను. ముగిసిపోయిన అసమానత చరిత్ర శాఖ కిందికి వస్తుంది. మనది సమాజశాస్త్రం. ఇంకో గ్రామం చూసుకుని మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టు.”

“మా ఊరు ఉంది సార్, పది నిమిషాల ఊరు,” అంది దీవెన. “కానీ అక్కడికి మిమ్మల్ని తీసుకుపోను.”

పరిశీలక సంఘం పల్లెకు వెళ్ళింది. పెద్దాయన సంతోషమ్మను కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చుని అడిగాడు.

“ఊరివారికంటే మీకు నీరు తక్కువ వస్తున్నదా?”

“ఇప్పుడు లేదయ్యా.”

“పూర్వం?”

“నేను కాపరానికొచ్చిన కాడ్నుంచి తక్కువే.”

“మరి సమానం ఎలా అయింది?”

“ఏముందయ్యా. ఆళ్ళకి తక్కువయ్యింది, గొట్టాలొచ్చినయ్.”

పెద్దాయన కలం మూత పెట్టాడు. “ఇది నమూనా వ్యక్తిగత అభిప్రాయం,” అని తోటివాళ్ళతో అన్నాడు. ముగ్గురూ జీపెక్కారు. బోర్డు కూడా పీకి జీపులో వేసుకున్నారు.

మే నెలలో అన్ని శాఖలకూ ఒక సర్క్యులర్ వచ్చింది. దీవెన దాన్ని తెచ్చి ట్యాంకు మెట్ల మీద కూర్చుని చదివి వినిపించింది. సంతోషమ్మ కూడా అక్కడే ఉంది, మనవరాలి బిడ్డను ఎత్తుకుని.

“‘వేములదిన్నె క్షేత్రానుభవము దృష్ట్యా ఇందుమూలముగా తెలియజేయునది: ఇకమీదట ఏ పరిశోధనయందును ఊరివారికి కొరత కలుగనీయరాదు. ఊరివారికి కొరత కలిగినచో అసమానత తొమ్మిది దినములకు మించి నిలుచుట లేదు.’ కింద రిజిస్ట్రారు సంతకం, ముద్ర.”

చదివి, మడిచి పుస్తకంలో పెట్టుకుంది. “రెండేళ్ళుగా నేను రాయాలని తిరుగుతున్న ముక్క ఇదే బాబాయ్. చివరి అధ్యాయంగా దీన్నే అతికిస్తా. విశ్వవిద్యాలయమే తేల్చిన సంగతి తప్పని మా సార్ ఎట్టా అంటారో చూస్తా.”

ఆయన అనలేకపోయారు. జూన్‌లో సంతకం పెట్టారు.

కానీ ఆ రోజు మెట్ల మీద సంతోషమ్మకు ఒక సంగతి నచ్చలేదు. బిడ్డను చంక మార్చుకుని దీవెనను ఆపింది.

“తొమ్మిదని రాశారా? అంత చదువుకున్నోళ్ళకి లెక్క రాదా అమ్మీ? ఎనిమిదే. తొమ్మిదో రోజు పొద్దున్నే గుంతలు తవ్వలా?”